నిద్ర గడిలో సున్నా

సోమవారం పొద్దున డెస్కు నుంచి ఫోన్. "వేసవి సెలవులు వస్తున్నాయి. ఖమ్మం వాళ్లు విమానం ఎక్కాలంటే శంషాబాద్ పోవాలా, గన్నవరం పోవాలా? ఏది చవక? ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికి కావాలి."

నేనుండేది ఖమ్మం ఖానాపురం హవేలిలోనే. పెద్ద సూట్‌కేసులు డిక్కీలో కుక్కుకుని, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టి, అర్ధరాత్రి కారెక్కే కుటుంబాలను మా వీధిలో నెలకు ఒకటి రెండైనా చూస్తుంటాను. హైదరాబాద్ దగ్గరి శంషాబాద్, విజయవాడ దగ్గరి గన్నవరం, ఈ రెండింటి టికెట్ ధరలు పక్కపక్కన రాసి తేడా చెబితే కథనం అయిపోతుందనుకున్నాను. మంగళవారం సాయంత్రం ఒక పాత నోటుపుస్తకం చేతికొచ్చింది. ఆ ధరల పట్టికను అప్పుడే పక్కన పెట్టేశాను.

పుస్తకం మా వెనక వీధిలో ఉండే, రిటైరైన లెక్కల సారుది. కొడుకు బెంగళూరులో, కూతురు డాలస్‌లో. పిల్లలు ఇంటికొచ్చినప్పుడూ పోయినప్పుడూ, భార్యాభర్తలిద్దరూ వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడూ సారు ఒక్కో ప్రయాణానికి ఒక్కో వరస రాశారు. స్కేలు పెట్టి గీసిన గడులు. తేదీ, ఎవరు, ఎక్కడ ఎక్కారు, టికెట్, బండి, టోలు, టిఫిను, సామాను, తోడు ఎవరు వచ్చారు. ఇంతవరకు లెక్కల మనిషి ఎవరైనా రాసుకునేవే. చివరి గడి మీద "నిద్ర" అని ఉంది. అందులో గీతకు అటూ ఇటూ రెండు అంకెలు: 0/2, 1/3, 6/–.

"సారూ, ఇదేంటండి?"

"ఆ రాత్రి మా ఇంట్లో వాళ్లు పడుకున్న గంటలు మొదటిది. బండి డ్రైవరు పడుకున్న గంటలు రెండోది. డబ్బులు అందరూ రాసుకుంటరు. డ్రైవరు ఎంతసేపు పడుకున్నడో ఎవరూ రాసుకోరు. నేను అడిగి రాస్త."

"అడిగితే చెబుతారా?"

"టీ తాగేటప్పుడు అడిగితే చెబుతరు. బండెక్కేటప్పుడు అడిగితే మాత్రం అబద్ధం చెబుతరు."

ఆయన రాసిన వరసల్లో రెండింటిని ఇక్కడ విప్పి చూపిస్తాను. రెండూ బెంగళూరు ప్రయాణాలే, రెండింటిలోనూ మనుషులు వాళ్లిద్దరే.

మొదటిది శంషాబాద్. విమానం తెల్లవారి 6.10కి. టికెట్లు తలా 3,100 చొప్పున 6,200. ఇంటి దగ్గర బయలుదేరింది రాత్రి పదకొండున్నరకు. కారు 6,000, టోలు 600, సూర్యాపేట దగ్గర టీ, బిస్కట్లు 180. మొత్తం 12,980. నిద్ర గడిలో 0/2.

రెండోది గన్నవరం. విమానం పొద్దున 11.40కి. టికెట్లు తలా 4,700 చొప్పున 9,400. ఖమ్మం స్టేషన్ నుంచి విజయవాడకు రైలు ఇద్దరికీ 210. అక్కణ్నుంచి గన్నవరం దాకా ఆటో 500. టిఫిను 160. మొత్తం 10,270. నిద్ర గడిలో 6/–. డ్రైవరే లేడు కనుక రెండో అంకె స్థానంలో గీత.

ఫోనులో చూసినప్పుడు గన్నవరం టికెట్ ఇద్దరికీ కలిపి 3,200 ఎక్కువ. ఇంటి గుమ్మం నుంచి లెక్క కడితే 2,710 తక్కువ. సారు ఈ తేడా కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు కొట్టారు. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో "ఆమెకు కాళ్లు వాయలేదు" అని రాసి ఉంది. నాలుగైదు గంటలు కారులో కూర్చుంటే ఆయన భార్యకు పాదాలు వాస్తాయి. నాకు ఈ కథనం అక్కడే దొరికింది.

నలుగురు ప్రయాణిస్తే ఈ లెక్క మారుతుంది. కారు ఖర్చు నాలుగు తలల మీద పడుతుంది, టికెట్ తేడా మాత్రం నాలుగింతలవుతుంది. సారు పుస్తకంలో పండక్కి కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు వచ్చి వెళ్లిన వరసలు ఉన్నాయి. వాటిలో డబ్బు వరకు శంషాబాదే గెలిచింది. ఆయన దాన్నీ దాచలేదు, గుండ్రంగా చుట్టి పెట్టారు. ఆ వరసల్లోనూ నిద్ర గడి మాత్రం సున్నాకు దగ్గరగానే ఉంది.

బుధవారం కారు డ్రైవర్ల దగ్గరికి వెళ్లాను. పదిహేనేళ్లుగా శంషాబాద్ ట్రిప్పులు వేస్తున్న ఒకాయన చెప్పింది నోటుపుస్తకంలోని రెండో అంకెకు ప్రాణం పోసింది. "పోయేటప్పుడు ఇబ్బంది లేదు సార్. బండి నిండా మనుషులుంటరు, మాటలుంటయి, చంటిపిల్ల ఏడుస్తది. వాళ్లను దింపి ఒక్కణ్నే వచ్చేటప్పుడే కష్టం. చౌటుప్పల్ దాకా బాగానే ఉంటది. తెల్లవారుతుంటది చూడండి, అప్పుడు కళ్లు లాగుతయి." మధ్యలో ఆపి పడుకోరా అని అడిగాను. "పదింటికి ఇంకో కిరాయి ఉంటది సార్" అన్నాడు.

మనం గేటు లోపలికి వెళ్లి బోర్డింగ్ పాసు చేతిలో పట్టుకోగానే మన ప్రయాణం సగం అయిపోయినట్టే. అతనికి మాత్రం ఇంకా రెండు వందల కిలోమీటర్లు మిగిలి ఉంటుంది. చవక టికెట్లు ఎక్కువగా తెల్లవారుజాము, అర్ధరాత్రి విమానాల్లోనే దొరుకుతాయి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు అదొక గంట ముందు లేవడం. ఖమ్మం వాళ్లకు ఒక రాత్రంతా రోడ్డు మీద ఉండటం. ఒకే టికెట్, ఒకే ధర, రెండు ఊళ్లలో రెండు రకాల ప్రయాణం.

తిరగబడిన లెక్క

యూరప్‌లో ఈ సమస్య వేరుగా ఉంటుంది. అక్కడ పెద్ద విమానాశ్రయం ఊరికి దగ్గర, ఖరీదు. చవక విమానాలు దూరంగా ఉన్న చిన్న రన్‌వేల మీద దిగుతాయి. ర్యాన్‌ఎయిర్ లాంటి సంస్థలు ఆ పద్ధతి మీదే పెరిగాయి. పారిస్ పేరు పెట్టుకున్న బోవే పారిస్‌కు 85 కిలోమీటర్ల దూరంలో ఉంది. స్టాక్‌హోం పేరున్న స్కావ్‌స్టా దాదాపు వంద కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ పేరు తగిలించుకున్న హాన్ 120 కిలోమీటర్లు, ఒకప్పటి అమెరికా వైమానిక స్థావరం. పేరు చూసి టికెట్ కొని, దిగాక బస్సు కోసం చూసే కొత్తవాళ్ల అవస్థ మన జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. భద్రాచలం రోడ్ అని పేరున్న రైల్వే స్టేషన్ కొత్తగూడెంలో ఉంది. అక్కణ్నుంచి రాముడి గుడికి ఇంకో నలభై కిలోమీటర్లు. శ్రీరామనవమికి దూరప్రాంతాల నుంచి వచ్చే భక్తులు ఆ సంగతి స్టేషన్ బయటికి వచ్చాకే తెలుసుకుంటారు.

మనకు ఆ లెక్క తిరగబడింది. ఖమ్మానికి పెద్దదే దూరం, టికెట్ చవక. చిన్నది దగ్గర, టికెట్ తరచూ ఎక్కువ. కారణం తెలిసిందే. 2024-25లో శంషాబాద్ నుంచి దాదాపు 2.9 కోట్ల మంది ప్రయాణించారు. ఒకే ఊరికి ఒకే పూట రెండు మూడు సంస్థలు పోటీ పడతాయి. గన్నవరంలో అంత పోటీ లేదు. అక్కణ్నుంచి నేరుగా వెళ్లగలిగేవి బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్, విశాఖ, ఇంకా కొన్ని. ఒక విమానం నిండితే తర్వాతి దానికి చాలాసేపు ఆగాలి. అది రద్దయితే రోజు పోయినట్టే. ఇది గన్నవరం లోపం. దాన్ని ఎంచుకునేవాళ్లు తెలిసే ఎంచుకోవాలి.

మ్యాపు పరిచి చూడండి. శంషాబాద్, ఖమ్మం దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. సూటిగా పడమటికి పోతే 180 కిలోమీటర్లు, రోడ్డు మీద రెండు వందలు దాటుతుంది. గన్నవరం ఆగ్నేయంగా, సూటిగా 105. రోడ్డు మీద 125 అటూ ఇటూ. కానీ అసలు తేడా రైలు. ఖమ్మం కాజీపేట–విజయవాడ ప్రధాన మార్గం మీద ఉంది, విజయవాడ వంద కిలోమీటర్లు. సూపర్‌ఫాస్ట్‌లో గంటన్నర అటూ ఇటూ. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ గంట పైచిలుకులో విజయవాడ చేరుస్తుంది. విమానాశ్రయం కోల్‌కతా–చెన్నై హైవేను ఆనుకునే ఉంది. నాకు గన్నవరమంటే ఇష్టం ఉంది, దాచను. దిగిన పావుగంటలో రోడ్డు మీద ఉంటాం. సామాను బెల్టు దగ్గర పక్కన నిలబడ్డవాళ్లు కూడా మధిరో, వైరానో, సత్తుపల్లో అయి ఉంటారు.

చరిత్ర రెండు ముక్కల్లో. గన్నవరం రెండో ప్రపంచయుద్ధం నాటి సైనిక రన్‌వే. ఇప్పుడున్న టెర్మినల్ 2017లో తెరిచారు, అదే ఏడు అంతర్జాతీయ హోదా దక్కింది. హైదరాబాద్ విమానాలు 2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. ఆ మార్పుతో హైదరాబాద్ వాళ్లకే కాదు, మనకూ దారి మారింది. చవక విమానాల సంగతికొస్తే, గోపీనాథ్ స్థాపించిన ఎయిర్ దక్కన్ 2003లో హైదరాబాద్–విజయవాడ సర్వీసు ప్రారంభించిన రోజే ఇంజన్లో మంటలు వచ్చాయి. వెంకయ్యనాయుడు సహా లోపలున్న వాళ్లంతా క్షేమంగా బయటపడ్డారు. గోపీనాథ్ జీవితం ఆధారంగా తీసిన "ఆకాశం నీ హద్దురా" సినిమా మన ఇళ్లలోనూ ఆడింది. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం 2017 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ కూడా ఉంది. ఖమ్మం దేనిలోనూ లేదు.

వాగు పొంగిన రోజు

సారు నోటుపుస్తకంలో 2024 ఆగస్టు 31 తేదీతో ఒక వరస మొదలై సగంలో ఆగిపోయింది. ఎక్కడ ఎక్కారు అన్న గడిలో "శంషాబాద్" అని రాసి కొట్టేశారు. పక్కన "గన్నవరం" అని రాసి అదీ కొట్టేశారు. కొడుకు ఆదివారం రాత్రికి బెంగళూరు చేరాలి.

ఆ రాత్రి, మర్నాడు సెప్టెంబరు 1న ఏం జరిగిందో ఖమ్మంలో అందరికీ గుర్తుంది. మున్నేరు కాలనీల్లోకి వచ్చింది. పాలేరు పొంగి సూర్యాపేట రోడ్డు మీదకు దూకింది. కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. నందిగామ దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే నీళ్లలో మునిగింది. విజయవాడను బుడమేరు ముంచింది. రెండు విమానాశ్రయాలూ ఉన్నాయి, వాటికి చేరే దారులే లేవు. సారు కొడుకు మూడు రోజులు ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆ తెల్లవారుజామునే మన జిల్లా నుంచి ఒక తండ్రి, కూతురు శంషాబాద్‌లో విమానం అందుకోవడానికి కారులో బయలుదేరారు. ఆకేరు వాగు వంతెన దగ్గర ఇద్దరూ కొట్టుకుపోయి చనిపోయారు. ఏది చవక అన్న ప్రశ్నతో మొదలైన ఈ కథనంలో ఆ ఇద్దరిని తలచుకోకుండా ముందుకు పోవడం నావల్ల కాలేదు. వానాకాలం రాత్రి, వాగుల మీదుగా, గడియారం చూసుకుంటూ పరుగెత్తే ప్రయాణం అది. విమానం దాటిపోతుందన్న భయం మనిషిని ఆగాల్సిన చోట ఆగనివ్వదు.

భద్రాచలం వైపు అయితే గోదావరి మట్టమే విమానాశ్రయాన్ని నిర్ణయిస్తుంది. అక్కడి వాళ్లకు హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్ల పైమాట. అందుకే రాజమండ్రి దగ్గరి మధురపూడి వైపు చూసేవాళ్లు చాలామంది. 2024 డిసెంబరు నుంచి అక్కణ్నుంచి ముంబయి, ఢిల్లీలకు నేరుగా విమానాలు మొదలయ్యాయి. ఎండాకాలంలో చింతూరు, మారేడుమిల్లి ఘాటు మీదుగా పోవచ్చు. గోదావరి 53 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయితే అటు రోడ్లు నీళ్లలో ఉంటాయి. అప్పుడు అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం చుట్టు తిరగాలి. 2022 జూలైలో నది 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. భద్రాచలంలో జూలై, ఆగస్టు నెలలకు టికెట్ తీసేవాళ్లు ముందు నదిని అడగాలి.

సముద్రం దాటేవాళ్లకు

అమెరికా వరసల్లో సారు మాట మారింది. అక్కడ శంషాబాద్‌కే టిక్కు పెట్టారు, కారణం సామాను. 2019లో కూతురు గన్నవరం నుంచి ఢిల్లీకి ఒక టికెట్, ఢిల్లీ నుంచి డాలస్‌కు ఇంకో టికెట్ విడివిడిగా తీసింది. కలిపి చూస్తే చవకే. అంతర్జాతీయ టికెట్ మీద 23 కిలోల పెట్టెలు రెండు. దేశీయ టికెట్ మీద ఉచితం 15 కిలోలే. మిగతా కిలోలకు గన్నవరం కౌంటర్లో కట్టిన సొమ్ముతో మిగిలిందంతా పోయింది. ఆవకాయ డబ్బాలు రెండు వెనక్కి ఇంటికొచ్చాయి. ఢిల్లీలో మొదటి విమానం ఆలస్యమైతే రెండోది ఆగదు, రెండు టికెట్లకూ సంబంధం లేదు కనుక బాధ్యత ఎవరిదీ కాదు. ఆ వరస కింద సారు "విడి టికెట్లు వద్దు" అని పెద్దక్షరాల్లో రాశారు.

గన్నవరం నుంచి గమ్యం దాకా ఒకే పీఎన్‌ఆర్ మీద టికెట్ దొరికితే సంగతి వేరు. అంతర్జాతీయ సామాను పరిమితి మొదటి నుంచే వర్తిస్తుంది, మధ్యలో ఆలస్యమైతే వేరే విమానం చూపించాల్సింది సంస్థే. కొనే ముందు ఆ రెండూ అడిగి తెలుసుకోవాలి. షార్జాకు 2022 అక్టోబరు చివర్లో గన్నవరం నుంచి నేరుగా విమానం మొదలైంది. సింగపూర్ విమానం 2018 డిసెంబరులో ప్రభుత్వ ఆర్థిక సాయంతో మొదలై, ఆ సాయం ఆగాక 2019 మధ్యలో నిలిచిపోయింది. మళ్లీ 2025 నవంబరులో వచ్చింది. ఆ అనుభవం చూశాక, ఆరు నెలల తర్వాతి ప్రయాణానికి చిన్న విమానాశ్రయాల విదేశీ సర్వీసును నమ్ముకోమని నేను ఎవరికీ చెప్పను. శంషాబాద్‌లో దుబాయ్, దోహా, లండన్ ఎప్పటి నుంచో ఉన్నాయి, 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్, 2025లో ఆమ్‌స్టర్‌డాం కలిశాయి.

అలాగని రాత్రి కారే గతి కాదు. సారు చివరి రెండు అమెరికా ప్రయాణాల్లో పద్ధతి మార్చారు. ముందు రోజు మధ్యాహ్నం బస్సులో ఎల్బీ నగర్, తోడల్లుడి ఇంట్లో భోజనం, కాసేపు కునుకు, రాత్రికి విమానాశ్రయం. నిద్ర గడిలో 4/–. చుట్టాలు లేనివాళ్లకు శంషాబాద్ చుట్టుపక్కల లాడ్జి గది అద్దె, రాను పోను కారు కిరాయికి మించదు.

టికెట్ చీటీలో ఏముంటుంది

టికెట్ మొత్తంలో అసలు ఛార్జీ కాక ఇంకా కొన్ని వరసలుంటాయి. యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు విమానాశ్రయాన్ని బట్టి మారుతుంది. అందుకే అసలు ఛార్జీ ఒకటే అయినా రెండు ఊళ్ల నుంచి మొత్తం తేడాగా కనిపిస్తుంది. భద్రతా రుసుము దేశీయ ప్రయాణానికి 2021 ఏప్రిల్ నుంచి 200. ఎకానమీ మీద జీఎస్టీ 5 శాతం. వాగు పొంగో, రైలు ఆగిపోయో విమానం ఎక్కలేకపోతే "నాన్ రిఫండబుల్" అన్న మాట చూసి వదిలేయకండి. పన్నులు, యూజర్ ఫీజు, భద్రతా రుసుము ప్రయాణికుడికి తిరిగి ఇవ్వాలని డీజీసీఏ నిబంధన. అడిగి తీసుకోవాలి. కౌంటరు చాలా సంస్థలకు గంట ముందే మూసుకుంటుంది. అందుకే గన్నవరానికైనా రైలు దిగే వేళకూ విమానం వేళకూ మధ్య మూడు గంటలు ఉంచుకోండి.

మామునూరు, కొత్తగూడెం

నిజాం కాలంలో కట్టిన వరంగల్ మామునూరు నుంచి 1981 దాకా విమానాలు తిరిగాయి. శంషాబాద్‌తో చేసుకున్న ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు దాన్ని మళ్లీ తెరవడానికి అడ్డుగా ఉండేది. ఆ అడ్డు తొలగి 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. 253 ఎకరాల భూసేకరణకు రాష్ట్రం 205 కోట్లు మంజూరు చేసింది. అది తెరిస్తే ఖమ్మానికి సూటిగా 93 కిలోమీటర్లలో, అదే రైలు మార్గం మీద ఇంకో దారి దొరుకుతుంది. కొత్తగూడెం విమానాశ్రయం మాత్రం ఏళ్లుగా ప్రతిపాదనల జాబితాలోనే ఉంది. దాన్ని చూసుకుని ఈ వేసవికి ఎవరూ టికెట్ తీయలేరు.

గురువారం మధ్యాహ్నం ఇది రాస్తూ సారుకు ఫోన్ చేశాను. తీర్పు ఏమని రాయమంటారని అడిగాను. "పగటి విమానం, ఇద్దరు మనుషులు, దేశం లోపల అయితే గన్నవరం. నలుగురైతే లెక్క కట్టి చూడమనండి. అమెరికా అయితే శంషాబాద్, కానీ ముందు రోజే పోవాలె. రాత్రి కారు మాత్రం ఎవరికీ వద్దు" అన్నారు. నేనూ అదే అంటాను.

ఆర్టీసీ వారికి ఒక విన్నపం. ఖమ్మం బస్టాండు నుంచి తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, గన్నవరం విమానాశ్రయం గేటు దాకా వెళ్లే బస్సులు వేయండి. సాయంత్రం విమానాలు దిగాక తిరిగి రావడానికి ఇంకొకటి. ఈ వేసవిలో మూడు నెలలు నడిపి చూడండి.